ప్రోనోటు వకీలు లింకన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అప్పటి అమెరికా పడమటి అంచున ప్లీడరీ చేసి రాజకీయాల్లోకి వచ్చినవాళ్ళ గురించి అందిన ప్రశ్నల్లో సగానికి పైగా అబ్రహాం లింకన్ మీదే ఉన్నాయి. అందుకని ఈసారి ఆయన ఒక్కడికే చోటిచ్చాం. అధ్యక్షుడయ్యాక జరిగినవి అందరూ రాసేవే కాబట్టి, 1861కి ముందు ఇల్లినాయ్‌లో గడిచిన పాతికేళ్ళ మీద అడిగినవే తీసుకున్నాం.

ప్రశ్న: లింకన్ బడికి వెళ్ళిన రోజులన్నీ కలిపినా ఏడాది కాదంటారు. మరి వకీలు ఎలా అయ్యాడు? ఎవరైనా పెద్దమనిషి సిఫారసు చేశాడా?

సిఫారసు అక్కర్లేదు. లా పట్టా అడిగేవాళ్ళే అప్పుడు లేరు. ఇల్లినాయ్‌లో కావలసినవి మూడు. నడవడి మంచిదని కౌంటీలోని కోర్టు ఇచ్చే ధ్రువపత్రం ఒకటి. రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీల్లో ఇద్దరి సంతకంతో లైసెన్సు రెండోది. ఆ లైసెన్సు చూపించి సుప్రీంకోర్టు గుమస్తా దగ్గరుండే వకీళ్ళ జాబితాలో పేరు ఎక్కించుకోవడం మూడోది. లింకన్‌కు మొదటిది 1836 మార్చి 24న, రెండోది అదే ఏడు సెప్టెంబరు 9న, మూడోది 1837 మార్చి 1న పూర్తయ్యాయి. ఏప్రిల్ 15న, అప్పటిదాకా ఉంటున్న న్యూ సేలం అనే పల్లె వదిలి స్ప్రింగ్‌ఫీల్డ్ చేరి, జాన్ టాడ్ స్టువర్ట్‌తో కలిసి ఆఫీసు తెరిచాడు. ఆ గదికి కింది అంతస్తులోనే కౌంటీ కోర్టు. మెట్లు దిగితే చాలు.

చదువు మాత్రం సొంతంగానే సాగింది. పుస్తకాలు స్టువర్ట్ దగ్గర అరువు తెచ్చుకునేవాడు. అందుకు న్యూ సేలం నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు 20 మైళ్ళ దారి. ఏం చదివాడో తెలుసుకోవడానికి మంచి ఆధారం 1860లో ఒక కుర్రాడికి ఆయన రాసిన ఉత్తరం. ముందు ఇంగ్లీషు చట్టం మీద బ్లాక్‌స్టోన్ రాసిన వ్యాఖ్యానాలు శ్రద్ధగా రెండుసార్లు చదవమన్నాడు. ఆ తర్వాత వరసగా దావా పత్రాల మీద చిట్టీ, సాక్ష్యం మీద గ్రీన్‌లీఫ్, ఈక్విటీ (చట్టం చాలని చోట కోర్టు చేసే న్యాయం) మీద స్టోరీ అనే రచయితల పుస్తకాలు.

ఈ నాలుగింటిలో కొత్త వకీలు తల పగలగొట్టుకునేది చిట్టీతోనే. అప్పటి పద్ధతిలో అన్యాయం జరిగిందని చెప్పుకుంటే సరిపోదు, ఏ రకం దావాయో ముందే తేల్చాలి. మాట తప్పినందుకు ఒక రకం, ముద్ర వేసిన ఒప్పందం మీద మరొకటి, ఎత్తుకుపోయిన గొడ్డును తిరిగి రాబట్టడానికి ఇంకొకటి, భూమి స్వాధీనానికి వేరే. రకం తప్పితే కక్షిదారు వైపు ఎంత న్యాయమున్నా దావా కొట్టేస్తారు.

ప్రశ్న: ఆయన గొప్ప క్రిమినల్ లాయరని విన్నాను. నిజమేనా?

హత్య కేసులు చేశాడు. పాతికేళ్ళలో పాతిక, అటూఇటూగా. మొత్తం కేసులు 5,000కు పైగా. వాటిలో సగం దాటి బాకీ వసూళ్ళే. ఆయన్ను ప్రోనోటు వకీలంటేనే సరిగ్గా సరిపోతుంది.

కారణం ఆ ఊళ్ళలో చేతిలో నగదు ఆడకపోవడం. దుక్కిటెడ్లు కొన్నా, విత్తనాలు కొన్నా, భూమి కొన్నా ఫలానా తేదీకి ఇంత ఇస్తానని కాగితం రాసిచ్చేవాళ్ళు. పుచ్చుకున్నవాడు దాని వెనక సంతకం పెట్టి తన బాకీ కింద మరొకడికి ఇచ్చేవాడు. అలా నాలుగు చేతులు తిరిగిన ప్రోనోటు కరెన్సీ నోటులాగే చెలామణి అయ్యేది. 1837లో బ్యాంకులు చితికిపోయి ధరలు పడిపోవడంతో ఆ నోట్లన్నీ ఒక్కసారిగా కోర్టు మెట్లెక్కాయి.

ప్రశ్న: అయితే ఒక ప్రోనోటు దావా మొదటి నుంచి చివరిదాకా ఎలా నడిచేది? నేను వకీలు గుమస్తాను, అందుకే ఇంత వివరంగా అడుగుతున్నాను.

మీకైతే చకచకా అర్థమైపోతుంది. లెక్క కోసం 150 డాలర్ల నోటు అనుకుందాం. గడువు దాటి రెండేళ్ళయింది. 100 డాలర్ల లోపు బాకీలు ఊళ్ళో చిన్న తగాదాలు తీర్చే జస్టిస్ ఆఫ్ ది పీస్ దగ్గరే తేలిపోతాయి. ఇది అంతకు మించింది కాబట్టి కౌంటీ కౌంటీకీ తిరిగే సర్క్యూట్ కోర్టుకు వెళ్ళాలి.

ముందు వకీలు ఒక చీటీ రాసి, సమన్లు పంపమని కోర్టు గుమస్తాను కోరతాడు. సమన్లు అందించే, జప్తులు చేసే కౌంటీ అధికారి షెరీఫ్ చేతికి అవి వెళతాయి. తర్వాత అసలు దావా పత్రం. దాన్ని కోర్టు మొదలయ్యే రోజుకు కనీసం 10 రోజుల ముందు దాఖలు చేయాలి. లేదంటే ప్రతివాది అడిగిన వెంటనే కేసు వాయిదా పడుతుంది. వాయిదా అంటే వచ్చే వారం కాదు. ఆ కౌంటీలో కోర్టు ఏడాదికి రెండుసార్లే, వసంతంలో ఒకసారి, ఆకులు రాలే కాలంలో ఒకసారి. కనక ఆరు నెలలు పోయినట్టే. షెరీఫ్ మనిషి దొరకలేదని సమన్లు తిప్పి పంపినా ఇదే గతి. బాకీపడ్డవాడు ఇంకా పడమరకు బండి కట్టుకుని వెళ్ళిపోవడం ఆ రోజుల్లో మామూలే.

సమన్లు అందినా చాలామంది కోర్టుకు వచ్చేవాళ్ళు కాదు. కాగితం మీద సంతకం తనదేనాయె, వచ్చి చెప్పేదేముంది? అప్పుడు ఏకపక్షంగా డిక్రీ అవుతుంది. గుమస్తా వడ్డీ కడతాడు. నోటులో వడ్డీ రేటు రాయకపోతే చట్టం ప్రకారం ఏడాదికి నూటికి 6. మన నోటు మీద రెండేళ్ళకు 18, మొత్తం 168 డాలర్లు, ఖర్చులు అదనం. ఆ తర్వాత అమలు ఉత్తర్వు. షెరీఫ్ వస్తువులు జప్తు చేసి వేలం వేస్తాడు, చాలకపోతే భూమి. వేలంలో పోయిన భూమిని 12 నెలల్లోగా డబ్బు కట్టి విడిపించుకునే హక్కు బాకీదారుకు ఉండేది.

ప్రతివాది తరఫున వచ్చిన వకీలు వెతికేవి మూడు. బాకీ తీరిపోయిందా? వాది కూడా ఇతనికి బాకీ ఉన్నాడా? నోటు దేనికోసం రాశారో ఆ సరుకు సరైనదేనా? గుర్రం అమ్మినప్పుడే రోగిష్ఠిదైతే నోటు చెల్లదని వాదించవచ్చు. కానీ గడువుకు ముందే ఆ నోటు సంగతి తెలియని మూడో మనిషి చేతికి మారిపోతే ఆ వాదన చెల్లదు, రోగం గుర్రానికి డబ్బు కట్టాల్సిందే. ఇంకో చిక్కు చూడండి. నోటు చేతులు మారాక రాసినవాడు ఎగ్గొడితే, తనకు ఇచ్చినవాడి మీద పడదామని చివరివాడు అనుకుంటాడు. ఇల్లినాయ్ చట్టం ఊరుకోదు. ముందు రాసినవాడి మీద ఆలస్యం చేయకుండా దావా వేసి శ్రద్ధగా ప్రయత్నించాలి. ఒక కోర్టు విడత చేజార్చుకుంటే ఇచ్చినవాడు తప్పించుకుంటాడు. వసూలు వకీలు పని ఇక్కడే ఉంది: వాదనలో కాదు, తేదీల్లో.

1842 ఫిబ్రవరిలో కేంద్ర దివాలా చట్టం అమలులోకి వచ్చింది. మరుసటి ఏడు మార్చిలోనే రద్దయింది. ఆ కాస్త వ్యవధిలో లింకన్, అప్పటి భాగస్వామి స్టీఫెన్ లోగన్ కలిసి 70కి పైగా దివాలా కేసులు చూశారు. ఆ ఏడాది మాత్రం ఎక్కువగా బాకీదారు వైపే నిలబడ్డారన్నమాట.

ప్రశ్న: తానే అప్పుల్లో మునిగిన మనిషి ఇతరుల అప్పులు వసూలు చేయడం విడ్డూరం కాదూ?

విడ్డూరమే. న్యూ సేలంలో విలియం బెర్రీతో కలిసి పెట్టిన కొట్టు మూతపడింది. ఆ సరుకూ నోట్ల మీద కొన్నదే. 1835లో బెర్రీ చనిపోవడంతో భాగస్వామి బాకీ కూడా నెత్తిన పడింది. మొత్తం సుమారు 1,100 డాలర్లు. దాన్ని జాతీయ రుణం అని హాస్యమాడుతూ ఏళ్ళ తరబడి తీర్చాడు. ఈలోగా ఒక బాకీదావాలో డిక్రీ అయి, షెరీఫ్ ఆయన గుర్రాన్ని, జీనును, భూమి కొలిచే పరికరాలను వేలానికి పెట్టాడు. అప్పటికి పొట్ట నింపుతున్నది సర్వే పని. జేమ్స్ షార్ట్ అనే పొరుగు రైతు 120 డాలర్లకు పాడుకుని, అన్నీ తిరిగి తెచ్చి ఇచ్చేశాడు. అమలు ఉత్తర్వు అంటే ఏమిటో లింకన్ చిట్టీ పుస్తకంలో చదవకముందే చూశాడు.

ప్రశ్న: సర్క్యూట్ మీద తిరగడం అంటే ఏమిటి?

జడ్జి ఒక్కడు, కౌంటీలు బోలెడు. కాబట్టి కోర్టే ఊరూరా తిరిగేది. లింకన్ తిరిగినది ఎనిమిదో సర్క్యూట్. 1847 నుంచి 1853 దాకా అందులో 14 కౌంటీలు ఉండేవి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి 400 మైళ్ళకు పైనే. వసంతంలో దాదాపు మూడు నెలలు, మళ్ళీ శరత్కాలంలో అంతే. 1848 నుంచి జడ్జి డేవిడ్ డేవిస్. మనిషి 300 పౌన్ల పైమాటే. సత్రంలో వకీళ్ళు మంచానికి ఇద్దరేసి పడుకుంటే ఆయనకు మాత్రం విడిగా మంచం. అది హోదా వల్లో, ఆ మంచంలో రెండో మనిషికి చోటు లేకో మీరే తేల్చుకోండి.

వసంతం చుట్టు కష్టం. మంచు కరిగి మైదానమంతా బురద, వాగుల మీద వంతెనలు లేవు. కౌంటీ కేంద్రం చేరిన సాయంత్రానికే కక్షిదారులు చుట్టుముట్టేవాళ్ళు. స్థానిక వకీలు కేసు సిద్ధం చేసి ఉంచుతాడు, వాదించడానికి లింకన్‌ను తోడు తీసుకుంటాడు. చాలా కేసుల్లో రాత్రి విని పొద్దున వాదించడమే. సాక్షి రాకపోతే మళ్ళీ అదే ఆరు నెలల కథ. కోర్టు ఒక్కో ఊళ్ళో మూడు నాలుగు రోజుల నుంచి రెండు వారాల దాకా ఉండేది. శని ఆదివారాల్లో తక్కిన వకీళ్ళు వీలైతే ఇళ్ళకు పరుగెత్తేవాళ్ళు, లింకన్ తరచుగా అక్కడే ఉండిపోయేవాడు.

ప్రశ్న: టోపీలో కాగితాలు పెట్టుకునేవాడట. కట్టుకథేనా?

కాదు. 1850 జూన్‌లో ఒక తోటి వకీలుకు క్షమాపణ చెబుతూ ఆయనే రాశాడు. వచ్చిన ఉత్తరం పాత టోపీలో పెట్టాడు, మర్నాడు కొత్త టోపీ కొన్నాడు, పాతది మూలన పడింది, దానితోపాటే ఉత్తరమూ మరుగున పడింది. ఆఫీసులో ఒక కాగితాల కట్ట మీద, ఇంకెక్కడా దొరక్కపోతే ఇందులో చూడండి అని రాసి ఉండేదట.

ప్రశ్న: ఫీజు ఎంత? పేదల దగ్గర తీసుకునేవాడు కాదని విన్నాం.

తీసుకునేవాడు, కాకపోతే తక్కువ. మామూలు దావాకు 5 నుంచి 20 డాలర్లు. స్టువర్ట్‌తో ఉన్నప్పటి ఫీజు పద్దులో ఒక చోట 50 డాలర్ల ఫీజులో 15 స్టువర్ట్‌కు ఇచ్చిన కోటు కింద చెల్లు రాసి ఉంది. 1856లో ఒకాయన కొన్ని పత్రాలు రాసినందుకు 25 డాలర్లు పంపితే, 15 చాలని 10 తిప్పి పంపాడు. ఫీజు మొత్తం ముందే పుచ్చుకుంటే పని మీద ఆసక్తి సన్నగిల్లుతుందని కొత్త వకీళ్ళ కోసం రాసుకున్న నోట్సులో హెచ్చరించాడు. అందులోనే వ్యాజ్యాలు పెంచకండి, పొరుగువాళ్ళను రాజీ చేయండి అనీ ఉంది.

అలాగని మరీ మెతక కాదు. మెక్‌లీన్ కౌంటీ తన పరిధిలోని రైలు ఆస్తి మీద పన్ను వేయబోతే, ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే తరఫున రెండేళ్ళు పోరాడి 1856లో రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిపించాడు. కంపెనీ తన చార్టర్ (స్థాపన పత్రం) ప్రకారం రాష్ట్రానికి ఆదాయంలో వాటా చెల్లిస్తుంది కాబట్టి కౌంటీలు మళ్ళీ పన్ను వేయకూడదన్నది వాదన. ఫీజు దగ్గర తేడా వచ్చింది. 5,000 డాలర్లకు సొంత కక్షిదారు మీదే దావా వేశాడు. 1857లో జ్యూరీ ఒప్పుకుంది, ముందే అందినది తీసేసి 4,800 తేలింది. అయినా డబ్బు రాకపోతే అమలు ఉత్తర్వు తెప్పించాడు. వచ్చాక భాగస్వామి హెర్న్‌డన్‌తో చెరిసగం. ఆ తర్వాత కూడా అదే రైల్వేకు కేసులు వాదించాడు!

ప్రశ్న: పంచాంగం చూపించి ఉరి తప్పించాడంటారు. ఆ పంచాంగం నకిలీదని కూడా అంటారు.

మొదటిది నిజం, రెండోది పుకారు. 1858 మే 7న బియర్డ్స్‌టౌన్‌లో విచారణ. ముద్దాయి డఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్, న్యూ సేలం నాటి స్నేహితుడి కొడుకు. 1857 ఆగస్టు 29 రాత్రి జరిగిన కొట్లాటలో మెట్జ్‌కర్ అనే అతన్ని కొట్టి చంపాడని అభియోగం. ప్రధాన సాక్షి సుమారు 150 అడుగుల దూరం నుంచి, రాత్రి 11 గంటల వేళ, నిండు వెన్నెల్లో చూశానన్నాడు. లింకన్ ఆ మాటను అతనితోనే మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. చంద్రుడు ఎక్కడున్నాడో కూడా చెప్పించాడు. అతను తప్పించుకునే సందు లేకుండా చేశాక పంచాంగం తీయించాడు. ఆ రాత్రి చంద్రాస్తమయం 12 దాటగానే. అంటే 11కి చంద్రుడు నడినెత్తిన లేడు, పడమట కిందికి వాలి ఉన్నాడు. తర్వాతి కాలంలో ఖగోళ లెక్కలు కట్టినా అదే తేలింది. నకిలీ పంచాంగం అక్కర్లేదు.

అయితే వెన్నెల ఒక్కటే కేసు గెలిపించిందనుకోవద్దు. తల వెనక తగిలిన గాయం వేరే మనిషి కొట్టిన దెబ్బ వల్ల అయివుండవచ్చని డాక్టరు చేత చెప్పించడం కూడా ముఖ్యమే. ఆ వేరే మనిషికి అప్పటికే శిక్ష పడింది. ముద్దాయి తల్లి హన్నా దగ్గర ఫీజు తీసుకోలేదు.

ప్రశ్న: బానిసల విమోచకుడు ఒకప్పుడు బానిస యజమాని పక్షాన వాదించాడన్నది అబద్ధమే కదా?

అబద్ధం కాదు. రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది మళ్ళీ ప్రోనోటే. నాన్స్ అనే నల్లజాతి యువతిని కొన్నందుకు బెయిలీ అనే ఆయన నోటు రాశాడు. డబ్బు కట్టలేదని దావా. లింకన్ బెయిలీ వకీలు. ఇల్లినాయ్‌లో ప్రతి మనిషీ స్వతంత్రుడనే అనుకోవాలి, స్వతంత్రురాలిని అమ్మడం చెల్లదు, అందుకోసం రాసిన నోటూ చెల్లదు అన్నాడు. 1841లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. రోగం గుర్రం నోటుకు వేసే ఎత్తే ఇది. దానితో ఒక మనిషి స్వేచ్ఛ తేలింది.

రెండోది 1847 అక్టోబరులో, కోల్స్ కౌంటీలో. బానిసత్వం చెల్లే కెంటకీవాడైన రాబర్ట్ మాట్సన్‌కు ఇల్లినాయ్‌లో పొలం ఉంది. పంట పనులకు బానిసలను తెచ్చి, కోతలయ్యాక వెనక్కి పంపేవాడు. జేన్ బ్రయంట్, ఆమె నలుగురు పిల్లలు మాత్రం రెండేళ్ళు అక్కడే ఉన్నారు. తిరిగి పంపేస్తారని భయపడి పారిపోతే మాట్సన్ కోర్టుకెక్కాడు. లింకన్ అతని వకీళ్ళలో ఒకడు. వీళ్ళు తాత్కాలికంగా వచ్చినవాళ్ళు, స్థిరపడినవాళ్ళు కారు, కనక ఇల్లినాయ్ చట్టం కింద స్వేచ్ఛ రాదు అన్నది ఆయన వాదన. ఓడిపోయాడు. జేన్‌కు, పిల్లలకు విడుదల దొరికింది. ఎవరు ముందు పిలిస్తే వాళ్ళ తరఫున వెళ్ళడం సర్క్యూట్ వకీళ్ళ అలవాటని సమర్థించేవాళ్ళున్నారు. అలవాటు నిజమే. కానీ వద్దనే వీలు కూడా వకీలుకు ఉంటుంది, ఆయన వద్దనలేదు.

ప్రశ్న: ప్లీడరీ రాజకీయానికి ఎలా పనికొచ్చింది?

ముందు వచ్చింది రాజకీయమే. 1832లో శాసనసభకు పోటీ చేసి 13 మందిలో 8వ స్థానంలో ఓడాడు, సొంత ఊళ్ళో మాత్రం 300 ఓట్లలో 277 పడ్డాయి. 1834లో గెలిచి వరసగా నాలుగుసార్లు సభలో ఉన్నాడు. రాజధానిని వండేలియా నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తెచ్చిన తొమ్మిది మంది సాంగమన్ కౌంటీ సభ్యుల జట్టులో ఒకడు. ఆ తొమ్మిది మందీ తాడిచెట్లే. 1847 నుంచి 1849 దాకా ఒక్క దఫా వాషింగ్టన్ కాంగ్రెస్‌లో.

సర్క్యూట్ ఇచ్చింది మనుషులను. కోర్టు రోజుల్లో కౌంటీ అంతా ఒకచోట చేరుతుంది. పగలు కేసు, చీకటి పడ్డాక ఉపన్యాసం. ఏ పల్లెలో ఎవరి మాట చెల్లుతుందో జ్యూరీ పెట్టెలో పన్నెండు మందిని చూస్తూ నేర్చుకున్నాడు. 1860 మేలో అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే రిపబ్లికన్ మహాసభ చికాగోలో జరిగినప్పుడు, ఆయన తరఫున హోటల్ గదులు తిరిగి ప్రతినిధులను కూడగట్టింది జడ్జి డేవిస్, సర్క్యూట్ వకీలు లెనార్డ్ స్వెట్ వంటివాళ్ళే. కావలసినవి 233 ఓట్లు. మూడో విడత ఓటింగులో 231న్నర దగ్గర ఆగితే, ఒహైయో ప్రతినిధులు నలుగురు ఇటు మారారు. 1862లో డేవిస్‌ను అమెరికా సుప్రీంకోర్టుకు నియమించాడు.

ప్రశ్న: ఆ కోర్టులు, కాగితాలు ఇప్పుడున్నాయా?

మౌంట్ పులాస్కీ, మెటమోరా కోర్టు భవనాలు ఉన్నచోటే ఉన్నాయి. పోస్ట్‌విల్ కోర్టును 1929లో హెన్రీ ఫోర్డ్ కొని, మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌కు తరలించాడు. మొదటి చోట ఇప్పుడున్నది నమూనా. కాగితాలు కౌంటీ కోర్టుల కట్టల్లో వేలకొద్దీ బయటపడ్డాయి, చాలావరకు ఆయన చేతిరాతే. కొన్ని దావా పత్రాల అడుగున మాత్రం సంతకం ఉండాల్సిన చోట నలుచదరపు కన్నం ఉంటుంది. సంతకాల పిచ్చివాళ్ళు కత్తిరించుకుపోయారు.